తాలు ఏరే కన్ను

ఎనుమాముల మార్కెట్లో మిర్చి దిగే కాలం వస్తే అడ్తిదారు కిషన్ రావు ముందు కబురు పంపేది సమ్మమ్మకే. ప్రేమ ఉండి కాదు. ఆమె నోరంటే ఆయనకు హడలు, ఆమె కన్నంటే అవసరం. కుప్ప చుట్టూ కూర్చున్న మిగతా ఆడవాళ్ళు ఘాటుకు తట్టుకోలేక ముక్కుకు కొంగు చుట్టుకునే లోపే సమ్మమ్మ పక్కన తాలు కుప్ప లేచేది. తాలు అంటే రంగు విరిగి తెల్లబడ్డ కాయ, మచ్చ తేలిన కాయ, పైకి పెళ్ళికూతురులా మెరుస్తూ లోపల బూజు పట్టిన కాయ. అంత ఎరుపులో ఆమెకు ఎరుపు కనబడేదే కాదు. ఈగ వెతికి వెతికి పుండు మీద వాలినట్టు ఆమె చెయ్యి పోయి చెడ్డకాయ మీదే పడేది.

“మంచి కాయను సూసి ఏం జేస్తరే?” అనేది పక్కవాళ్ళతో. “నువ్వు సూసినా సూడకున్నా అది మంచిగనే ఉంటది. చెడ్డదాన్ని ఇడిస్తే బస్తా బస్తా ఖరాబైతది.”

మార్కెట్ వరకు ఆ మాట నిజమే. చెమ్మ పట్టిన కాయ ఒక్కటి చాలు, బస్తాను బూజు పట్టిస్తుంది. చిక్కేమిటంటే, సాయంత్రం ఆటో ఎక్కి వర్ధన్నపేట దగ్గరి తన ఊరికి పోయేటప్పుడు సమ్మమ్మ చేతులు కడుక్కుని పోయేది గానీ కళ్ళు కడుక్కుని పోయేది కాదు.

పెళ్ళికి పోతే పప్పులో ఉప్పు తక్కువ. పురిటింటికి పోతే “పిల్లకు ముక్కు జర చప్పిడిగొచ్చింది” అని బాలింత కంట నీళ్ళు పెట్టించి వచ్చేది. ఎదురింటివాళ్ళు కొత్త ఇల్లు కట్టుకుని పిలిస్తే, పాలు పొంగకముందే “మెట్లు ఎత్తు పెట్టిండ్రు, మీ ముసలాయన గీడనే పడతడు” అంది. ఆ వానాకాలమే ముసలాయన అక్కడే పడ్డాడు. ఇక చూడాలి ఆమె నడక! ఆ ఒక్క ముచ్చట ఏడాది పాటు ఊరంతా తిప్పింది. ఆమె పడతారని చెప్పినా పడకుండా తిరుగుతున్నవాళ్ళు ఊళ్ళో బోలెడు మంది ఉన్నారు. వాళ్ళు ఆమె లెక్కలోకి రారు. వెనుక నుంచి జనం తాలు సమ్మమ్మ అంటారని ఆమెకు తెలుసు. కోపం లేకపోగా, ఎవరో సర్టిఫికెట్ రాసిచ్చినట్టు మురిసిపోయేది.

అట్లాంటి ఇంటికి పరకాల నుంచి దీప కోడలై వచ్చింది. అత్త మంచీ వేము తీపీ లేదంటారు. ఈ ఇంట్లో వేపాకే కాస్త నయం. అట్లాగని దీప కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చే రకం కూడా కాదు.

“గీ రొట్టె జూడు, ఓరుగల్లు కోట పునాదిల పడ్డ రాయి లెక్కున్నది.”

“రెండు తిన్నవు గదా అత్తా? రాయి అరిగించుకున్నవంటే నీ కడుపును మెచ్చుకోవాలె.”

కొడుకు సుదర్శన్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని బర్రె పాలు పిండేవాడు. ఫోనులో పాట ఉండేది కాదు. ఉత్త ఇయర్‌ఫోన్లే.

రొట్టెలూ కూరలూ పైపై గొడవలు. అసలు మంట విత్తనం దగ్గర పుట్టింది. వాళ్ళకున్న ఎకరన్నర చెలకలో చపాట మిర్చి వేస్తారు. పొట్టిగా, లావుగా, టమాటలా ఉబ్బి ఉండే కాయ. కారం తక్కువ, రంగు ఎక్కువ. పచ్చళ్ళు పట్టేవాళ్ళు దానికోసం ఎగబడతారు. ఆ విత్తనం సమ్మమ్మ అత్తనాటిది. ఏటా ఆ చేనులోదే తీసి, ఆ చేనులోనే పోస్తూ వచ్చారు. పంట చేతికొచ్చే ముందు ఆమె మొగుడు రాయమల్లు చేనంతా తిరిగి నికార్సైన మొక్కలు ఎంచి, వాటి కాయలు విడిగా ఎండబెట్టేవాడు. విత్తనం ఏరే రోజు ఇంట్లో ఎవరూ చెడ్డమాట అనకూడదని రాయమల్లు తల్లి పెట్టిన కట్టడి. ఆ ఒక్క రోజు గట్టెక్కడానికి సమ్మమ్మ తెల్లారే నోట్లో ఆకువక్క కుక్కుకుని చీకటి పడేదాకా నములుతూ కూర్చునేది. అయినా రాయమల్లు ఆమెను విత్తనం ఛాయలకు రానిచ్చేవాడు కాదు.

“నువ్వు తాలు ఏర్తవు, నేను ఇత్తనం ఏర్త. రెండూ ఒక్కతీరు పని గాదే,” అనేవాడు.

పోయే ముందు ఆ పని ఆయన నేర్పింది పెళ్ళానికి కాదు, కోడలికి. మొగుడు పోయిన దుఃఖం ఏడాదికి చల్లారింది. ఈ మంట మాత్రం సమ్మమ్మకు చల్లారలేదు. ముప్పై ఏళ్ళు మిర్చిలో మునిగి తేలిన తను పనికిరాకపోయింది, నిన్న మొన్న వచ్చిన పరకాల పిల్ల పనికొచ్చిందా?

మొన్నటి ముందటి ఏడు ఆ పక్క చేలన్నిటి మీదా నల్ల తామర పురుగు పడింది. పువ్వులో దూరి రసం పీల్చే పురుగు. ఆకులు దొప్పలు తిరిగాయి, పూత రాలింది, మొక్కలు గిడసబారి ముసలివాళ్ళలా ముడుచుకున్నాయి. మందులు మార్చి మార్చి కొట్టారు. సమ్మమ్మ పొద్దున్నే చేనుకు పోయి, వచ్చి వాకిట్లో నిలబడి వార్తలు చదివినట్టు చదివేది.

“బాయి దిక్కు సాళ్ళన్ని పోయినయ్. ఒడ్డు దిక్కు గూడ మొదలైంది. ఈ ఏడు మిర్చి చేతికి రాదని నేను జెప్పలే?”

చెప్పిన మాట నిజమే. నాటు వేసిన రోజే చెప్పింది. ఏటా నాటు వేసిన రోజు చెబుతుంది.

ఒక రాత్రి అన్నాల వేళ దీప ఫోన్లో ఎవరో కోటు వేసుకున్న ఆయన, మంచే ఆలోచించండి మంచే జరుగుతుంది అని చేతులు ఊపుతూ చెబుతున్నాడు.

“ఎవడే గా కోటాయన?” అంది సమ్మమ్మ. “తోల్కరా మన చేన్లకు. మంచిగ అనుకుంటే పురుగు సస్తదేమో సూద్దాం. మందు కొట్టుడన్న తప్పుతది.”

“సావదు అత్తా,” అంది దీప ఫోన్ కట్టేస్తూ. “నువ్వు ఇన్ని దినాల సంది తిడ్తానవ్, తిట్టినా సావలే గదా?”

చివరికి సుదర్శన్ చేను దున్నేసి మక్కజొన్న పెడదామన్నాడు. కాలువలో నీళ్ళున్నప్పుడే గింజ పడాలి. బాబాయి వరసైన పోశయ్య ట్రాక్టర్ మాట్లాడాడు. ఒక్క రోజు ఆగి దున్నుడు.

మరి విత్తనం? ఆ ఏడు మొదటి నారుమడి వానకు కొట్టుకుపోతే, ఇంట్లో ఉన్న గింజంతా రెండోసారి పోసేశారు. డబ్బా ఖాళీ. మందిని అడుగుదామంటే మంది చేలూ అంతే. మొక్కల మీద ఇంకా పచ్చికాయలే ఉన్నాయి, అవి ముదిరి పండితే తప్ప గింజ పనికిరాదు. చేను మొత్తం దున్నితే అత్తనాటి విత్తనాన్ని దున్నేసినట్టే.

దీప మొగుడితో మాట్లాడుకుంది. చేనులో అక్కడక్కడ పురుగుకు లొంగని మొక్కలున్నాయి, వాటికి గుర్తు పెడతాను, ట్రాక్టర్ వాటిని తప్పించుకుని పోవాలి. సుదర్శన్ సరే అన్నాడు. దున్నుడుకు ముందు రోజు పొద్దున్నే దీప పోయి, పాత చున్నీ చింపి, ఆ మొక్కలకు పచ్చ పీలికలు కట్టి, వంట చేయడానికి ఇంటికొచ్చింది. అత్తకు మాత్రం చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలిసినదానికి చెప్పడమెందుకనుకుంది. ఆ తప్పు ఆమెది.

ఆమె ఇటు ఇంటికొచ్చింది, సమ్మమ్మ అటు చేనులో దిగింది. దున్నే ముందు మరీ పాడైన మొక్కలు పీకి కాల్చేస్తే పురుగు పక్క చేనుకు ఎగిరిపోదని ఆమె ఆలోచన. మంచి ఆలోచనే. సాళ్ళలో పచ్చ పీలికలు కనబడ్డాయి. ఆమె ఎరిగిన లోకంలో గుర్తనేది చెడ్డదానికే పెడతారు. తెగులు మొక్కకు పీలిక కడతారు, పాడైన బస్తాకు సున్నపు గీత గీస్తారు, కూలబోయే గోడకు ఎర్రరంగు పూస్తారు. మంచిదానికి గుర్తు పెట్టగా ఆమె పుట్టి బుద్ధెరిగి చూడలేదు. అబ్బో, పరకాల దొరసానికి ఇన్నాళ్ళకు తెగులు కనబడ్డదా అనుకుని ఒక్కోటీ పీకడం మొదలుపెట్టింది.

మొక్కను చూడకుండా పీకిందా అంటే అదీ కాదు. చూసే పీకింది. “అగో, గీ ఆకు కొన వంకర వోయింది,” “గీ కొమ్మ కింద జర పసుపు తిరిగింది,” అని ప్రతిదానికీ ఒక నేరం మోపి మరీ పీకింది. ఏ మొక్కకైనా ఏదో ఒక ఆకు వంకరగానే ఉంటుంది. వెతికేవాళ్ళకు దొరక్కపోతుందా? ఒడ్డున కుప్పేసి, ఎండు కందికట్టె అడుగున పేర్చి అగ్గి పెట్టింది, పీలికలతో సహా.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి దీపా, సుదర్శనూ అన్నం పట్టుకుని వచ్చారు.

“ఏం కాలవెడ్తానవ్ అత్తా?”

“నువ్వు పీలికలు కట్టినయే. కట్టుడు నీ వంతు, పీకుడు నా వంతా? దొరసానికి నడుము వంగదాయె.”

దీప చేతిలో అన్నం డబ్బా కింద పెట్టింది. విసిరికొట్టలేదు, మెల్లగా పెట్టింది. అది చూసి సుదర్శన్ రెండడుగులు వెనక్కి వేశాడు.

“అవి ఇత్తనం మొక్కలు.”

“ఏందీ?”

“మంచియని కట్టిన. మామ నేర్పినట్టే చేనంత తిరిగి, మంచియి ఏరి కట్టిన.”

“మంచిదానికి ఎవలన్న గుర్తు పెడ్తరానే?” సమ్మమ్మ గొంతు లేచింది. “ఇంటర్ సదివినవ్ గదా, నోటితోని చెప్తే అరిగిపోతవా?”

“చెప్తే ఏమంటుంటివి? గిది మంచిదా, గా ఆకు జూడు అనకపోదువా? ఆరేండ్ల సంది ఈ ఇంట్ల మంచిగున్నది అన్న మాట నేను ఇనలే. నా చేతి కూరను అనలే, నా కడుపుల పుట్టిన పిల్లను అనలే. పీలిక గట్టిన మొక్క చేతికొస్తే గూడ నీకు మొక్క కనబడలే, పీలికే కనబడ్డది!”

“ఆకులు ముడుత వడ్డయి. నా కండ్లతోని సూసిన.”

సుదర్శన్ పోయి, మంటలో సగం కాలిన కొమ్మ ఒకటి కట్టెతో లాగి తల్లి ముందు పెట్టాడు. వెడల్పుగా, నిగనిగలాడే ఆకు. కొమ్మ నిండా పచ్చికాయలు బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి. ఒక్క ఆకు, చివరి ఆకు మాత్రం కాస్త వంగి ఉంది. అదే ఆమె చూసిన ఆకు.

సమ్మమ్మ ఆ వంగిన ఆకును వేలితో సరిచేసి చూసింది, ఇంకో వంక పెట్టలేదు. అది ఆమెకే కొత్త, కొడుకుకు ఇంకా కొత్త.

“ఇగ ఇడ్వుండ్రి,” అన్నాడు సుదర్శన్. “తెల్లారితే ట్రాక్టరొస్తది. ఇయ్యాల పొద్దుమీకేలోపు ఏమన్న దొరికితే చెప్పుండ్రి, ఉంచుదాం. లేకుంటే మొత్తం దున్నుడే.”

తప్పయిందనే మాట సమ్మమ్మ నోటికి ఎన్నడూ తిరగలేదు. అప్పుడూ తిరగలేదు. చీర కుచ్చెళ్ళు ఎగజెక్కి చేనులో దిగింది.

“ఇంత చేన్ల ఇంకేం లేవా? దేవుడు నీకొక్కదానికే కండ్లిచ్చిండా?”

“నీ కండ్లకా కనవడేది?” ఒడ్డు మీద వెనక్కి తిరిగి కూర్చుంది దీప. “ఒక్కటి దొరకనీ, నా చెవి కోసిస్త.”

ఒక సాలు చూసింది. ముడుత. రెండో సాలు, మూడో సాలు. ముడుత, ముడుత, రాలిన పూత, మాడిన చిగురు. వాటిని చూడడంలో ఆమెకు ఎదురులేదు. పది మొక్కల అవతలి మచ్చ కూడా కనబడుతోంది. మంచి మొక్క మాత్రం కనబడితే ఒట్టు. సగం చేను అట్లాగే దాటింది. నడుము పట్టేసింది, మెడకు చెమట దిగింది. కనబడటం లేదా, లేనే లేవా? లేకపోతే పొద్దున తను అన్నన్ని ఎట్లా పీకింది? పీకిన చెయ్యి ఇదే, చూసిన కళ్ళూ ఇవే. అప్పుడు భయం వేసింది ఆమెకు. మొగుడు తనను విత్తనం దగ్గరి నుంచి ఊరికే వెళ్ళగొట్టలేదని మొదటిసారి అనిపించింది. ఆ ఆలోచన కారం అద్దినట్టు మండింది.

రాయమల్లు ఎట్లా చూసేవాడు? ఆకు ఆకు తిప్పి చూసేవాడు కాదు. పిల్లను పలకరించినట్టు మొక్కతో మాట్లాడుతూ పోయేవాడు, పిచ్చోడు. నీ కాండం గట్టిగుందిరా, నీ కొమ్మలు విచ్చుకున్నయిరా అంటూ. తను ఒడ్డున కూర్చుని నవ్వేది.

అటూ ఇటూ చూసింది. దీప వీపు ఇటే ఉంది. తల వంచి, ఎదుటి మొక్కకు, దాని నేరాలన్నీ కళ్ళు పొడుస్తున్నా, నోరు కట్టుకుని ఒక్క గుణం వెతికింది. “నీ… నీ మొదలు జర గట్టిగున్నది,” అంది. ముడుత మొక్కే, పనికిరాదు. పక్కదానికి పోయింది. “నీ రంగు ఫర్వాలేదు.” అదీ పనికిరాదు. ఒక్కో మొక్కకు ఒక్క మంచి మాట అన్నాక గానీ నేరం వెతకనని తనకు తానే షరతు పెట్టుకుంది. ముల్లు మింగినట్టే ఉంది ఒక్కో మాట.

ట్రాక్టర్ ఎటు నుంచి తిప్పాలో చూసుకోవడానికి వచ్చిన పోశయ్య చెవిన పడనే పడింది.

“వదినె! మొక్కను మెచ్చుకుంటానవా? పొద్దు పడమట పొడిచిందా ఏంది?”

“నీ నోట్ల మన్ను వొయ్య! నీ ట్రాక్టర్‌ను మెచ్చుకుంటలేను గదా, నడువ్!”

“దాన్ని గూడ ఒక మాట అను వదినె, గేర్ సరిగ పడతలేదు.”

మట్టిబెడ్డ విసిరింది. అతను నవ్వుకుంటూ పోయాడు. మట్టిబెడ్డ పడ్డచోటికి చూపు పోయింది. అక్కడ ఒక మొక్కకు చెప్పడానికి ఒక్క గుణం కాదు, రెండు దొరికాయి. మూడోదీ దొరికింది. మొదలు గట్టి, కొమ్మలు గొడుగులా విచ్చుకున్నాయి, కాయ నిండుగా ఉంది. చుట్టూ ముడుచుకున్న మొక్కల మధ్య ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంది. అటు పోతూ ఇటు వస్తూ ఆమె దాన్ని రెండుసార్లు దాటింది. అప్పుడు చుట్టూ ఉన్న ముడుతే కనబడింది.

ఒక్కటి కనబడ్డాక ఇంకోటి కనబడింది. మిర్చిలో అంతే, కన్ను దేనికి మరిగితే అదే చూపిస్తుంది. కందికట్టెలు విరిచి పక్కన నాటుకుంటూ పోయింది. పొద్దుమీకేవేళకు చేతి వేళ్ళకు మించి కట్టెలు లేచాయి.

దీప లేచి వచ్చింది. ఒక్కో కట్టె దగ్గర వంగి చూసింది. ఒక కట్టె పీకి అవతల పారేసింది.

“గది గాదు. కింద మొదలు పెచ్చులు లేస్తాంది.”

“మీద జూడు, మీద! గంత కాపు ఉంటే కింద పెచ్చులు సూస్తవా?”

“ఇత్తనానికి రెండూ కావాలె.”

మిగిలినవాటిని ముట్టుకోలేదు. మంచిగ ఏరినవనీ అనలేదు. అనదని సమ్మమ్మకు తెలుసు, ఎవరి దగ్గర నేర్చుకుందో కూడా తెలుసు.

“చెవి కోసిస్తనన్నవ్,” అంది సమ్మమ్మ.

“కమ్మతోని ఇయ్యమంటవా, కమ్మ తీసి ఇయ్యాల్నా?”

తెల్లారి పోశయ్య ఆ కట్టెల మధ్య స్టీరింగ్ తిప్పలేక అత్తనూ కోడలినీ కలిపి తిట్టాడు. మక్క పచ్చగా లేచిన చేనులో ఆ మిర్చి మొక్కలు దిష్టిబొమ్మల్లా నిలబడితే ఊరు నవ్వింది. సమ్మమ్మ బిందెతో నీళ్ళు మోసి పోసింది. కాయ ఎర్రబడ్డాక దీప విత్తనం తీసింది. తక్కువే, దోసెడు. ఎండాకాలం పోయి వాన పడగానే నారు పోసుకున్నారు.

పురుగు నిరుడూ వచ్చింది. వాళ్ళ చేనులో ముందటేటి కన్నా ఎక్కువ మొక్కలు నిలబడ్డాయి. అది విత్తనం గుణమో, వాన సమయానికి పడడమో, దీప ముందు నుంచే వేప కషాయం కొట్టడమో ఎవరూ తేల్చి చెప్పలేరు. చెప్పగలనని పోశయ్య అంటాడు, అతని మాట అతని ట్రాక్టర్ గేర్ లాంటిదే. మంచిగా అనుకుంటే చాలు మంచి జరుగుతుందని కోటాయన చేతులూపుతాడు గానీ, అనుకుంటే పురుగు చావదు. మంచి మొక్క ఏదో కళ్ళతో పట్టుకుని, దాన్ని బతికించి, దాని గింజ దాచుకుంటే వచ్చే ఏడు అదే మొలుస్తుంది. అంతవరకే నిజం, అంతే చాలు. తాలు ఏరితే కుప్ప శుభ్రమవుతుంది గానీ చేను మొలవదు.

సమ్మమ్మ మారిపోయిందనుకునేరు. ఇప్పటికీ పెళ్ళిలో పప్పుకు ఉప్పు తక్కువే. కోడలి రొట్టె ఇప్పటికీ రాయే. విత్తనపు మొక్కలు ఎంచే రోజుల్లో మాత్రం ఇద్దరూ చేనుకు చెరో వైపు నుంచి దిగి, నడిమిట్లో ఎదురుపడతారు. ఇక మొదలు.

“గిది జూడు, కింది నుంచి మీదికి ఒక్కతీరుగ కాసింది,” అంటుంది సమ్మమ్మ.

“నా దిక్కుది జూడు ముందుగాల. దానికి తాత లెక్కున్నది.”

“నీ దిక్కుదా? ఆ సాలు నాటింది నేను!”

“నాటుతే అయితదా? నీళ్ళు వెట్టింది ఎవలు?”

“నీళ్ళు వానదేవుడు వెట్టిండు, నువ్వు ఫోన్ వట్టుకోని నిలవడ్డవ్!”

గొంతులు కాలువ దాకా వినబడుతుంటే సుదర్శన్ వచ్చి రెండు మొక్కలూ చూసి, “రెండూ మంచియే గదా,” అన్నాడు.

ఇద్దరూ ఒక్కసారే అతని మీదికి తిరిగారు.

“నీకేం ఎరుక? నడువ్ ఆవలికి!”